కెర్నెల్ మెమరీ టెస్టుకు వచ్చిన చిన్న ఫిక్స్‌ను రివ్యూ చేయడం ఎలా

తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) పని ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతుంటారు. సొంత ప్యాచ్ (కోడ్‌లో మార్పు) కంటే ముందు ఇంకొకరి ప్యాచ్ రివ్యూ చేయండి, అదీ సెల్ఫ్‌టెస్టుల్లోని, అంటే కెర్నెల్‌తోపాటే వచ్చే టెస్టుల్లోని, ఎంఎం (మెమరీ మేనేజ్‌మెంట్) ఫోల్డరులో. పాత డాక్యుమెంట్లలో వీఎం అని ఉంటుంది, 2023లో పేరు మార్చారు.

హ్యూజ్‌పేజీలు, అంటే మామూలు కంటే పెద్ద మెమరీ పేజీలు, వాడే ఒక టెస్టుకు వచ్చిన ప్యాచ్‌లో మారింది ఒక్క లైనే అనుకుందాం. మెమరీ అడిగే కాల్ ఎంమ్యాప్ ఇచ్చిన పాయింటర్‌ను (మెమరీ అడ్రస్‌ను) ఇదివరకు నల్‌తో, అంటే సున్నాతో, పోల్చేవారు, ఇప్పుడు ఎంమ్యాప్ కుదరలేదని చెప్పే విలువ మ్యాప్_ఫెయిల్డ్‌తో పోల్చారు. మార్పు సరైనదే, ఎందుకంటే ఎంమ్యాప్ కుదరనప్పుడు వచ్చేది సున్నా కాదు, మైనస్ ఒకటి, కాబట్టి పాత చెక్ దాన్ని ఎప్పటికీ పట్టుకోలేదు, టెస్టు నేరుగా ముందుకెళ్లి, ఆ మెమరీని నింపే మెమ్‌సెట్ దగ్గర క్రాష్ అవుతుంది. అయితే అంతటితో ఓకే చెప్పేయకండి. పట్టుకున్నాక ఏం చేస్తోంది? హ్యూజ్‌పేజీలు ఖాళీ లేక ఆగిపోతే అది కెర్నెల్ తప్పు కాదు, స్కిప్ అనాలి, అంటే టెస్టు ముగిసేటప్పుడు ఇచ్చే నంబరు, ఎగ్జిట్ కోడ్, 4. ఫెయిల్‌కు 1. ఊరికే 0తో బయటికొస్తే పాస్ కింద లెక్క, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే, ఏమీ పరీక్షించని టెస్టు ఏళ్ల తరబడి పాస్ అని చూపిస్తూనే ఉంటుంది. అలాగని ప్రతి ఎర్రర్‌నీ స్కిప్‌లోకి తోసేసినా తప్పే, ఎర్‌నో, అంటే కాల్ ఎందుకు ఫెయిలైందో చెప్పే ఎర్రర్ నంబరు, ఏమిటో చూడాలి.

చదివి వదిలేయకుండా రన్ చేయండి. రూట్ (అడ్మిన్ అధికారం) కావాలి, కాలేజీ ల్యాబ్‌లో ఇవ్వరు, సొంత ల్యాప్‌టాప్‌లో కెము అనే ఎమ్యులేటర్ మీద వర్చువల్ మెషిన్ పెట్టుకోండి. పాత ల్యాప్‌టాప్ అయితే కెర్నెల్ బిల్డ్ పెట్టేసి కపిలతీర్థం దాకా నడిచొచ్చినా పర్వాలేదు. హ్యూజ్‌పేజీలు ఎన్ని ఉండాలో చెప్పే సెట్టింగ్ ఎన్ఆర్_హ్యూజ్‌పేజెస్‌ను 0 చేసి, ప్యాచ్ లేకుండా ఒకసారి, ప్యాచ్‌తో ఒకసారి నడపండి: క్రాష్ పోయి స్కిప్ రావాలి. తర్వాత కొన్ని హ్యూజ్‌పేజీలు ఇవ్వండి, ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రాసెసర్లలో మామూలుగా ఒక్కోటి 2 ఎంబీ, ఇప్పుడు పాస్ అవ్వాలి. ఆఖర్న టెస్టు ఆశించే విలువను మీరే కావాలని తప్పుగా మార్చి మళ్లీ నడపండి. అప్పుడు కూడా పాస్ అంటే ఆ టెస్టుకే జబ్బు ఉంది, ప్యాచ్ పంపినవాళ్లకు చెప్పాల్సిందే.

కోడ్‌లో మామూలు పేజీ సైజు 4096 బైట్లు అని నేరుగా రాసుంటే అడగండి, ఆర్మ్64 ప్రాసెసర్లలో 64 కేబీ కూడా ఉండొచ్చు. ఏ పాత మార్పు (కమిట్) తెచ్చిన బగ్‌ను సరిచేస్తున్నారో ప్యాచ్ సందేశంలో చెప్పే లైను ఫిక్సెస్ ట్యాగ్; దానిలోని 12 అక్షరాల కమిట్ ఐడీ నిజంగా ఆ బగ్ తెచ్చిన కమిట్‌దేనా అని, ఏ లైను ఏ కమిట్‌లో వచ్చిందో చూపే గిట్ బ్లేమ్‌లో చూడండి.

జవాబులో మీ పేరుతో పెట్టే లైను: చదివితే రివ్యూడ్-బై, నడిపితేనే టెస్టెడ్-బై. ఏ కెర్నెల్ మీద, ఏ ఆర్కిటెక్చర్ మీద నడిపారో, ప్యాచ్‌కు ముందూ తర్వాతా ఏం వచ్చిందో జవాబులో రెండు లైన్లు రాయండి.