డబుల్ చేశాక మొదటి ముక్క

మా మారేడ్‌పల్లి బ్రిడ్జి పేకాటలో మా డబుల్‌కి (చెప్పినన్ని పట్లు వాళ్లు తేలేరని పాయింట్లు పెంచడానికి) ఎవరూ టెన్షన్ పడేవాళ్లు కాదు. మేం వల్నరబుల్ (గేమ్ బోనస్, జరిమానా రెండూ ఎక్కువ), వాళ్లు నాన్ వల్నరబుల్ (తక్కువ). మా నాలుగు ఆఠీన్ల పాట మీద, ఓడతామని తెలిసే, నాలుగు ఇస్పేట్లు అనేవాళ్లు. మూడు పట్లు తక్కువైతే మాకు 500. మా గేమ్ ఆడుకుంటే 620 వచ్చేది!

దీనికి మందు తురుపు లీడ్, అంటే మొదటి ముక్కగా తురుపే (ఇక్కడ ఇస్పేటు) వేయడం. పెద్ద ముక్కలన్నీ మన దగ్గరే, వాళ్లు బతికేది డమ్మీలో (బల్ల మీద పరిచిన జోడీ చేతిలో) తురుపు కొట్టుకునే. డైమన్ ఆసు, రాజు చేతిలో ఊరిస్తున్నా చిన్న ఇస్పేటు వేశాను. పట్టు దొరికినప్పుడల్లా మళ్లీ ఇస్పేటే. డమ్మీలో తురుపులు ఖాళీ. నాలుగు తక్కువ, 800. "ఇన్నాళ్లూ ఏం చేశావురా?" అన్నాడు పార్ట్‌నర్ బాబాయి. (ఆయనా ఆసులే దించేవాడు!)

స్లామ్ (12 లేదా 13 పట్లు తెస్తామన్న పాట) మీద డబుల్ సంగతి వేరు. అది సాధారణంగా లైట్నర్ డబుల్. మామూలు లీడ్ వద్దని, తరచూ డమ్మీ మొదట చెప్పిన జాతి వేయమని. అక్కడ తురుపు వేస్తే కొంప మునుగుతుంది.