వెబ్ అప్లికేషన్ రాద్దాం – 4వ పాఠం: హెడర్లను ఒక్కసారే చదవడం

పోయిన పాఠంలో బ్రౌజర్ పంపే అభ్యర్థన మొదటి వరుస దగ్గర ఆగాం. దాని కింద ఉండే వరుసలే ఈ వారం పని, వాటినే హెడర్లు అంటారు. ఉదాహరణ మన పాతదే: అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరలు చూపించే చిన్న అప్లికేషన్, నోడ్‌లో (సర్వర్లో జావాస్క్రిప్ట్ నడిపే సాధనం) రాసినది. రావులపాలెం బస్టాండులో నిలబడి ఫోను తీసిన రైతుకు, ఆ ఫోను తెలుగులో ఉంటే పట్టిక తెలుగులో రావాలి, లేకపోతే ఇంగ్లీషులో. ఆ కబురు మోసుకొచ్చేది ఒక హెడర్.

కంప్యూటర్లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. పేర్లు నోటికి పట్టాలని తెలుగులో రాస్తున్నాను.

గెట్ /ధరలు హెచ్‌టీటీపీ/1.1
హోస్ట్: లోకల్‌హోస్ట్:3000
యాక్సెప్ట్-లాంగ్వేజ్: టీఈ-ఐఎన్, టీఈ;క్యూ=0.9, ఈఎన్;క్యూ=0.8
కుకీ: సెషన్=7ఎఫ్3ఎ

ఎడమ పక్క పేరు, మధ్యలో రెండు చుక్కలు, కుడి పక్క విలువ. ఆ తరువాత ఖాళీ వరుస వస్తే హెడర్లు అయిపోయినట్టే. మూడో వరుసలో ‘క్యూ’ అనేది ఇష్టం ఎంతో చెప్పే అంకె. రాయకపోతే 1 అని అర్థం. అంటే ఈ రైతు ఫోను ముందు తెలుగే అడుగుతోంది, అది లేకపోతే ఇంగ్లీషుతో సర్దుకుంటానంటోంది.

ఈ భాగం నేను చెప్పకముందే అమలాపురంలో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు సొంతంగా రాసి తెచ్చాడు. నోడ్‌లో ‘రా-హెడర్స్’ అనే జాబితా ఉంటుంది: పేరు, విలువ, పేరు, విలువ అంటూ, వచ్చినవి వచ్చినట్టే. దాన్ని మొదటి నుంచి చివరిదాకా వెతుకుతూ, పేరు సరిగ్గా ‘యాక్సెప్ట్-లాంగ్వేజ్’ అయితే విలువ తీసుకున్నాడు. పెద్ద ఏ, పెద్ద ఎల్. వాడి ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేసింది. సర్వర్లో పెట్టి హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) తగిలించగానే అందరికీ ఇంగ్లీషు పట్టికే రావడం మొదలైంది.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి వాడికి ఒక రాత్రి పట్టింది. హెడర్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదని హెచ్‌టీటీపీ (బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి) ప్రమాణం మొదటి నుంచీ చెబుతోంది. హెచ్‌టీటీపీ/1.1లో బ్రౌజర్లు అలవాటుగా పెద్దక్షరాలు పెడతాయి. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ/2 మాత్రం పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే పంపాలని నియమం పెట్టింది. బ్రౌజర్లు దాన్ని భద్రమైన కనెక్షన్ మీదే వాడతాయి కాబట్టి, ఇంట్లో పనిచేసిన పోలిక బయట తప్పింది.

తెల్లవారేసరికి వాడు చేసిన మరమ్మతు ఏమిటంటే, పోల్చే ముందు ప్రతి పేరునూ చిన్నక్షరాల్లోకి మార్చడం. పని జరిగింది. కానీ ఆ వెతుకులాటను పట్టికలో ఒక్కో వరుస అచ్చువేసే చోట పెట్టాడు. పట్టికలో 200 వరుసలు, అభ్యర్థనలో 18 హెడర్లు. మనకు కావలసినది చివరలో ఉంటే 3,600 పోలికలు, ప్రతి పోలికకూ ఒక అక్షరమార్పు, ఆపైన ‘క్యూ’ల లెక్క 200 సార్లు. జవాబు మాత్రం అన్నిసార్లూ ఒకటే.

నిజం చెప్పాలంటే ఇందులో పోయే సమయం చాలా తక్కువ. డేటాబేస్‌ను ఒకసారి అడగడానికి పట్టే సమయంతో పోలిస్తే లెక్కలోకి కూడా రాదు. నాకు నచ్చనిది వేరు: ఒకే ప్రశ్న పది చోట్ల అడిగితే, రేపు నియమం మార్చాల్సి వచ్చినప్పుడు తొమ్మిది చోట్లే మారుస్తాం. మార్కెట్లోకి లారీ వచ్చినప్పుడు గుమాస్తా వేబిల్లు ఒకసారి చూసి పుస్తకంలో ఎక్కించుకుంటాడు. బస్తా దించినప్పుడల్లా డ్రైవర్ను వేబిల్లు అడగడు కదా!

కాబట్టి మనం ఇలా రాద్దాం. నోడ్ ఇచ్చే ‘హెడర్స్’ అనే వస్తువులో పేర్లన్నీ ముందే చిన్నక్షరాల్లో ఉంటాయి. ఇప్పటి నోడ్‌లో ఈ వస్తువు మొదటిసారి అడిగినప్పుడే తయారవుతుంది, ఆ తరువాత అదే వాడుకోవచ్చు. దాని నుంచి నేరుగా పేరుతో విలువ తీసుకోండి, వెతుకులాట వద్దు. ‘క్యూ’ల లెక్క అక్కడే ముగించి, ‘భాష’ అనే చలరాశిలో ‘తెలుగు’ లేదా ‘ఇంగ్లీషు’ అని పెట్టుకోండి. పట్టిక అచ్చువేసే ఫంక్షనుకు ‘భాష’ మాత్రమే ఇవ్వండి. హెడర్ అనేది ఒకటి ఉందని కూడా దానికి తెలియకూడదు.

వేరే భాషల్లో రాసేవారికి రెండు మాటలు. గో భాషలో ‘గెట్’ ద్వారా అడిగితే అక్షరాల తేడా అదే చూసుకుంటుంది, కానీ హోస్ట్‌ను హెడర్లలో వెతకకండి, దాన్ని తీసి విడిగా పెడతారు. పైథాన్‌తో వాడే జాంగోలో పాత ‘మెటా’ నిఘంటువుతో కుస్తీ అక్కర్లేదు, 2.2 నుంచి ‘హెడర్స్’ ఉంది. అన్నట్టు, ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే ‘రిఫరర్’ హెడర్ పేరులో ఒక ఆర్ తక్కువ. ప్రమాణంలోనే తప్పుగా పడి అలాగే ఉండిపోయింది. మీరు సరిచేసి రాస్తే ఏమీ దొరకదు.

ఇక నమ్మకం సంగతి. హెడర్లో ఏమైనా రాసి పంపవచ్చు. అభ్యర్థన ఏ చిరునామాల మీదుగా వచ్చిందో చెప్పే ‘ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్’లో మొదటి చిరునామాను చూసి మనిషిని గుర్తుపట్టానని అనుకోకండి. మీ సొంత ప్రాక్సీ (మీ అప్లికేషన్ ముందు నిలబడి అభ్యర్థనలు అందించే సర్వర్) చివర చేర్చినదే నమ్మదగినది. ఒకప్పుడు నేను ఆ మొదటి చిరునామాను చూసే ఒకరిని అడ్డుకున్నాను. అతను రోజుకో కొత్త చిరునామా రాసుకుని హాయిగా వచ్చిపోయాడు.

అభ్యాసం: కర్ల్‌తో (బ్రౌజర్ లేకుండా అభ్యర్థనలు పంపే సాధనం) మూడు అభ్యర్థనలు పంపండి. మొదటిదానిలో హెడర్ పేరును పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలగలిపి రాయండి. రెండోదానిలో అదే హెడర్‌ను రెండుసార్లు పెట్టండి. నోడ్ ఆ రెండు విలువలనూ కామాతో కలిపి ఇస్తుంది (హోస్ట్, యూజర్-ఏజెంట్ వంటివాటికి మాత్రం రెండోది పారేస్తుంది). మూడోదానిలో ఏ హెడరూ పెట్టకండి. కర్ల్ తనంతట తాను భాష చెప్పదు, విలువ రాదు, దాన్ని ముక్కలు చేయబోయిన మీ కోడ్ అక్కడే కూలుతుంది. ఏ వరుసలో కూలిందో రాసిపెట్టుకోండి. కుకీ పాఠం ఆ వరుస నుంచే మొదలుపెడతాం.