ఫోన్ ఫొటోలు కంప్యూటర్‌లోకి, డూప్లికేట్లు లేకుండా

మొన్న అమ్మ నెల్లూరు నుంచి ఫోన్ చేసి నాన్న షష్టిపూర్తి ఫొటో పంపమంది, ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో రూంలో కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే అదే ఫొటో మూడు చోట్ల ఉంది, ఒకటి కేబుల్‌తో ఎక్కించింది, ఒకటి గూగుల్ ఫొటోస్ నుంచి దించింది, ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. జూమ్ చేస్తే ఒరిజినల్‌లో అమ్మ చీర అంచు జరీ పోగులు కూడా కనిపిస్తున్నాయి, వాట్సాప్‌దాంట్లో అంచంతా పసుపు మరకలా ఉంది.

అందుకే ఫొటోలు కంప్యూటర్‌లోకి వచ్చే దారి ఒక్కటే పెట్టుకోండి, నేనైతే కేబులే. ఆండ్రాయిడ్‌లో కేబుల్ పెట్టాక నోటిఫికేషన్లు కిందకి లాగి ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కాలి, లేదంటే ఛార్జింగ్ ఎక్కుతుంది అంతే. తర్వాత డీసీఐఎం (DCIM) ఫోల్డర్, దాంట్లో కెమెరా, మీరు తీసినవన్నీ మామూలుగా అక్కడే ఉంటాయి. ఐఫోన్ అయితే ఫొటోస్ సెట్టింగ్స్‌లో బాగా కిందకి వెళ్లి కీప్ ఒరిజినల్స్ పెట్టండి, ఆటోమేటిక్‌లో ఉంటే ఐఫోన్ వాడే హెచ్ఈఐసీ (HEIC) ఫార్మాట్ ఫొటో జేపెగ్‌గా మారి రావచ్చు, ఒకసారి అలా ఒకసారి ఇలా వస్తే కంప్యూటర్‌కి అవి రెండు వేరే ఫైళ్లు.

కంప్యూటర్‌లో 2025 అని ఏడాది పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల నెలకో ఫోల్డర్ పెట్టండి. కాపీయే చేయండి, కట్ మాత్రం వద్దు, మధ్యలో కేబుల్ కదిలితే ఫొటోలు పోయే ప్రమాదం ఉంది. ఆ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉందని అడిగితే సైజు కూడా చూసి, రెండూ ఒకటే అయితే స్కిప్ కొట్టండి. పేరొక్కటే నమ్మొద్దు, ఐఫోన్‌లో నంబర్ 9999 దాటాక మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది కాబట్టి రెండు వేరు వేరు ఫొటోలకి ఒకే పేరు రావచ్చు.

ఇప్పటికే డూప్లికేట్లు పేరుకుపోయి ఉంటే డూప్‌గురు (dupeGuru) అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పేరు మారినా లోపలి డేటా చూసి పట్టేస్తుంది. వాట్సాప్ కాపీలు మాత్రం అలా దొరకవు, కుదించడంలో డేటానే మారిపోతుంది కదా, వాటికి డూప్‌గురులోనే పిక్చర్ మోడ్ పెట్టి, కళ్లతో చూసుకుని పెద్ద సైజుది ఉంచండి.

ఒక్క లాప్‌టాప్‌లో ఉంటే పర్మనెంట్ అనుకోకండి. నేను ఎస్పీ రోడ్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని ఆ 2025 ఫోల్డర్ దాంట్లోకి కూడా వేశా. రెండు చోట్లా నాలుగైదు ఫొటోలు తెరిచి చూసుకున్నాకే ఫోన్‌లో డిలీట్ చేయండి, అదీ గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉంటే మామూలు డిలీట్ క్లౌడ్‌లోది కూడా తీసేస్తుంది, ఫోన్‌లోవి మాత్రమే పోవాలంటే ఫ్రీ అప్ స్పేస్ వాడండి.