పిన్ని పేరు కట్టుకుని పరిగెత్తే ముందు

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్. 42.195 కిలోమీటర్లు, పైగా ఉక్కపోత. క్యాన్సర్ బాధితుల కోసం పరిగెత్తేవాళ్లు ముందుగా ఇవి చూసుకోండి.

• వీపు మీద ఎవరి పేరు రాసుకుంటున్నారో వాళ్లను అడగండి. జబ్బు సంగతి నలుగురికీ తెలియడం అందరికీ ఇష్టం ఉండదు. మా పిన్ని సరేనంది, ఇంటిపేరు మాత్రం వద్దంది. తెల్ల గుడ్డముక్క మీద మార్కర్‌తో రాసి, నాలుగు మూలలా పిన్నీసులు పెట్టాను.

• పరుగు పేరుతో పోగుచేసే విరాళాలు క్యాన్సర్ సంస్థ ఖాతాకే వెళ్లాలి. రసీదు తీసుకోండి.

• కొత్త బూట్లు వద్దు.

• ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. దాహాన్ని బట్టే తాగండి, మధ్యలో ఓఆర్‌ఎస్ కూడా.

• పరుగుకు ముందు ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోకండి. చెమటతో నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీలు దెబ్బతినొచ్చు.

• ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వేగం తగ్గించండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోండి.

• కీమో నడుస్తున్నవాళ్లు చూడటానికి వస్తామంటే ముందు వాళ్ల డాక్టర్‌ని అడగాలి. రక్తంలో జబ్బులతో పోరాడే తెల్లకణాలు తగ్గిన రోజుల్లో జనంలోకి రావడం ప్రమాదం. అలాంటప్పుడు మెడల్ తీసుకుని మీరే వాళ్లింటికి వెళ్లండి. జలుబు లేకపోతేనే, స్నానం చేసి, చేతులు కడుక్కుని.