కన్ను అదురుతుంటే ముందు కాఫీ లెక్క చూడండి

కింది రెప్ప టపటపా అదురుతుంటే పని మీద ధ్యాస నిలవదు. కుడా ఎడమా అని శకునం చూసేకన్నా కాఫీ, టీల లెక్క చూడటం మేలు. నిద్ర తగ్గి, కెఫీన్ పెరిగి, కళ్లు పొడిబారినప్పుడే ఇది ఎక్కువ. శుభ్రమైన నూలుగుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, మూసిన కళ్ల మీద 5 నిమిషాలు ఉంచండి, పొద్దునా రాత్రీ. చల్లారితే మళ్లీ ముంచాలి. మధ్యాహ్నం తర్వాత కాఫీ ఆపేయండి. స్క్రీన్ ముందుంటే ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోకి 20 సెకన్లు చూస్తూ, రెప్పలు నిండుగా మూసి తెరవండి. కన్ను నలపొద్దు, అదురు పెరుగుతుంది. తగ్గడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. కన్ను దానంతటదే పూర్తిగా మూసుకుపోతున్నా, బుగ్గో నోటి మూలో కూడా లాగుతున్నా, రెండు మూడు వారాలు దాటినా ఇది చిట్కాతో పోయేది కాదు, డాక్టర్‌కి చూపించాలి.