కొయినే గ్రీకు నేర్చుకుందాం – 4వ పాఠం: విభక్తులు

కొత్త నిబంధన మూలభాష అయిన కొయినే గ్రీకులో 24 అక్షరాలూ పోయిన పాఠంతో అయిపోయాయి. చదివేటప్పుడు ఇంకా తడబడుతుంటే ఇక్కడే ఆగి, మరో రెండు రోజులు రాసి రండి. ఈ పాఠంలో ఒక్క అచ్చు పొరపాటుగా చదివినా అర్థం మారిపోతుంది.

బి.డి. (వేదాంత డిగ్రీ)లో చేరినవాళ్లలో చాలామందికి గ్రీకు క్లాసు అంటేనే టెన్షన్. నాకూ ఉండేది. మాకిచ్చిన పుస్తకం ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం రాసింది. ఇంగ్లిష్‌లో నామవాచకం చివర పెద్దగా మారదు కాబట్టి, మాట చివర మారితే కర్త కర్మ అవుతుందని వాళ్లకు పేజీలకు పేజీలు వివరించాలి. ఆ వివరణంతా నేనూ నెల రోజులు బట్టీ పట్టాను. ఒకరోజు రాత్రి తెలుగు బైబిలు చదువుతుంటే దేవుడు, దేవుని, దేవునికి, దేవా అన్న మాటలు వరసగా కంటబడ్డాయి. నేను బట్టీ పడుతున్నది ఇదే కదా అనిపించింది. చిన్నప్పుడు బడిలో "డు ము వు లు ప్రథమా విభక్తి" అని అప్పజెప్పినవాళ్లం మనం. గ్రీకు విభక్తులు మనకు కొత్త కాదు, వాటి ప్రత్యయాలే కొత్త.

ముందు చెవిని సిద్ధం చేసుకుందాం. గ్రీకులో ఎప్సిలాన్ అంటే మన ఎ, ఏటా అంటే ఏ. ఒమిక్రాన్ ఒ, ఒమేగా ఓ. ఈ హ్రస్వ దీర్ఘాలు మన లిపిలో వేరువేరుగా ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే కలిసిపోతాయి. అందుకే మీ నోటుబుక్కులో ఉచ్చారణను తెలుగులోనే రాసుకోండి. నేటి గ్రీకులు ఈ తేడా పలకరు, అయినా రాతలో అది అలాగే ఉంది. కాలేజీల్లో మనం చదివే పాత పద్ధతిలో పలుకుతాం కూడా.

ఇప్పుడు యోహాను సువార్త మొదటి వచనం నెమ్మదిగా, పైకి చదవండి:

ఎన్ అర్ఖే ఏన్ హొ లొగొస్, కై హొ లొగొస్ ఏన్ ప్రొస్ తొన్ థెఒన్, కై థెఒస్ ఏన్ హొ లొగొస్.

మొదటి మాట ఎన్, మూడో మాట ఏన్. ఎన్ అంటే "లో, అందు". ఏన్ అంటే "ఉండెను". దీర్ఘం ఒక్కటే తేడా. తెలుగు బైబిలులో ఈ మొదటి భాగం "ఆదియందు వాక్యముండెను". "అందు" ఎక్కడుందో, "ఉండెను" ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే మీరు గ్రీకు చదివినట్టే.

ఇక లొగొస్ అనే మాటనే తీసుకుందాం. వాక్యం, మాట అని అర్థం. ఏకవచనంలో దాని రూపాలు ఇవి:

లొగొస్ – వాక్యము (కర్త)
లొగూ – వాక్యము యొక్క
లొగో – వాక్యమునకు, వాక్యముతో, వాక్యమందు
లొగొన్ – వాక్యమును
లొగె – ఓ వాక్యమా

"దేవుడు"లో డు తీసి ని పెట్టినట్టే, ఇక్కడ ఒస్ తీసి ఒన్ పెట్టాం. మూడో రూపం దగ్గర కొంచెం ఆగండి. మనకు చేత, కొరకు, అందు అని వేర్వేరు విభక్తులుంటే, గ్రీకులో ఆ పనులన్నీ ఈ ఒక్క రూపమే చేస్తుంది. ఏ అర్థమో సందర్భం చెబుతుంది, లేదా ఎన్ లాంటి చిన్న మాట ముందు నిలబడి చెబుతుంది. రాతలో ఈ లొగో చివరి ఒమేగా కింద చిన్న ఇయోటా ఉంటుంది. మన ఒత్తులాగా అక్షరం కింద కూర్చుంటుంది, కానీ పలకదు. దాన్ని చూడకుండా దాటిపోకండి.

బహువచనం: లొగొయ్, లొగోన్, లొగొయ్స్, లొగూస్. అదే వరస, సంబోధన మాత్రం కర్త రూపమే.

వీటికి ముందు వచ్చే హొ, తూ, తో, తొన్ అనేవి నిర్దేశక పదాలు (ఇంగ్లిష్‌లో the లాంటివి). బహువచనంలో హొయ్, తోన్, తొయ్స్, తూస్. వీటిని నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్చుకోండి. కొత్త నిబంధన గ్రీకులో దాదాపు 1,38,000 మాటలుంటే, ఈ నిర్దేశకమే అన్ని రూపాల్లో కలిపి 20,000 సార్లకు దగ్గరగా వస్తుంది. అంటే ఏడు మాటల్లో ఒకటి. మాట అర్థం తెలియకపోయినా, దాని ముందు తొన్ ఉంటే అది కర్మ రూపంలో ఉందని తెలిసిపోతుంది. అయితే తొన్ థెఒన్ అంటే "దేవుని", తోన్ థెఓన్ అంటే "దేవతల యొక్క". మళ్లీ దీర్ఘమే.

ఇప్పుడు వచనం చివరి భాగం చూడండి: కై థెఒస్ ఏన్ హొ లొగొస్. రెండు మాటలూ ఒస్‌తోనే ముగిశాయి, రెండూ ప్రథమే. మరి కర్త ఏది? హొ ఉన్నది, అంటే లొగొస్. థెఒస్ ముందుకొచ్చినా కర్త కాదు. "సీతను రాముడు చూశాడు" అన్నా చూసింది రాముడే కదా, అలాగే ఇక్కడా వరస కర్తను నిర్ణయించదు. తెలుగు అనువాదకులు "వాక్యము దేవుడై యుండెను" అన్నారు. ఆ "ఐ" ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి. కర్త ఏదో, కర్త గురించి చెబుతున్నది ఏదో ఒక్క అక్షరంతో విడదీసింది.

షష్ఠి విషయంలో మాత్రం తొందరపడకూడదు. హే అగపే తూ థెఊ అంటే మాటకు మాటగా "దేవుని ప్రేమ" (హే అనేది హొకు స్త్రీలింగ రూపం). దేవుడు మనల్ని ప్రేమించడమా, మనం దేవుణ్ణి ప్రేమించడమా? గ్రీకు రూపం చెప్పదు. రోమా 8:39లో ఏదీ మనల్ని దూరం చేయలేని "దేవుని ప్రేమ" అంటే దేవుడు చూపే ప్రేమే. 1 యోహాను 5:3లో కూడా గ్రీకులో ఉన్నది ఆ మాటలే, కానీ అక్కడ ఆజ్ఞలను గైకొనడం గురించి చెబుతున్నాడు. అందుకే మన బైబిలులో "దేవుని ప్రేమించుట" అని ఉంది. నాకు ఈ రెండు వచనాలు పక్కపక్కన పెట్టి చూసిన రోజే మూలభాష ఎందుకు చదవాలో అర్థమైంది. వేదాంతంలో పెద్ద పెద్ద చర్చలు ఇలాంటి "యొక్క" దగ్గరే మొదలవుతాయి.

నపుంసక లింగం గురించి ఒక్క మాట. బిబ్లియొన్ (పుస్తకం) లాంటి మాటల్లో కర్త రూపం, కర్మ రూపం ఒకటే. మనం "పుస్తకం చదివాను" అంటాం, "ని" చేర్చం. అదే ఇది. కాకపోతే గ్రీకు లింగం మాటను బట్టి ఉంటుంది: లొగొస్ పుంలింగం, బిడ్డ అనే అర్థమున్న తెక్నొన్ నపుంసకం.

అభ్యాసం. కొత్త మాటలు: దూలొస్ – దాసుడు, హుయొస్ – కుమారుడు, అదెల్ఫొస్ – సహోదరుడు (అన్నకూ తమ్ముడికీ ఒకటే మాట), బ్లెపెయ్ – చూస్తున్నాడు, అకూఎయ్ – వింటున్నాడు, లెగెయ్ – చెబుతున్నాడు. ఇంగ్లిష్ మీదుగా పోకుండా నేరుగా తెలుగులోకి మార్చండి.

1. హొ దూలొస్ బ్లెపెయ్ తొన్ హుయొన్.
2. తొన్ దూలొన్ బ్లెపెయ్ హొ హుయొస్.
3. లెగెయ్ హొ అదెల్ఫొస్ తో దూలో.
4. హొ హుయొస్ తూ థెఊ.
5. అకూఎయ్ హొ అదెల్ఫొస్ తూస్ లొగూస్ తోన్ దూలోన్.

ఒకటి, రెండు వాక్యాలకు ఒకే జవాబు వస్తే నిర్దేశకాల దగ్గరికి వెనక్కి వెళ్లండి. ఐదోదాంట్లో మాటలు ఎవరివో, వింటున్నది ఎవరో ముందు తేల్చుకోండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఉంటాయి. అప్పటిదాకా హొ, తూ, తో, తొన్ రోజుకు పదిసార్లు పైకి చదవండి, చివరి రెండింటిలో అచ్చు పొడవు చెవికి స్పష్టంగా వినబడాలి.