ఫర్నేస్ మధ్యలో మొరాయిస్తే: ముందు ఫ్లాస్కులు, తర్వాతే రిపేరు

నల్లగొండలో మే నెల సాయంత్రమంటే మా అవుసలి పనివాళ్లకు టెన్షనే. పగలంతా ఎండ మండిపోతుంది, ఐదు దాటగానే గాలిదుమారం లేచి కరెంటు పోతుంది. సరిగ్గా అప్పుడే ఫర్నేస్‌లో, అంటే కరెంటు కొలిమిలో, మెట్టెల ఫ్లాస్కులు సగం కాలి ఉంటాయి. ఫ్లాస్కంటే మైనం నమూనాల చుట్టూ పౌడర్ ముద్ద పోసి అచ్చు కట్టిన లోహపు గొట్టం; కాల్పులో మైనం పోయాక ఆ ఖాళీలో వెండి పోస్తాం.

ఒకసారి మీటర్ 480 డిగ్రీలు చూపిస్తుండగా నాకూ కరెంటు పోయింది. లోపల పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్, ఆరు ఫ్లాస్కులు. ఆగలేక టార్చి పట్టుకుని మాటిమాటికీ తలుపు తీసి చూశాను. కరెంటు వచ్చేసరికి 190కి దిగింది. మళ్లీ వేడెక్కించి వెండి పోశాను. నీళ్లలో ముంచి పౌడర్ కడిగితే, మెట్టెల అంచుల వెంట కాగితమంత పల్చటి వెండి రెక్కలు! లోపల అచ్చు చిట్లి, ఆ పగుళ్లలోకి వెండి పారింది.

కరెంటు పోయింది

అచ్చు కట్టే ఇన్వెస్ట్‌మెంట్ పౌడర్‌లో జిప్సంతో పాటు క్రిస్టోబలైట్ అనే సిలికా ఉంటుంది. 220 నుంచి 270 డిగ్రీల మధ్య అది ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారితే అక్కడే ముడుచుకుంటుంది. ఒకసారి ఆ గీత దాటిన ఫ్లాస్కు కిందికి దిగి మళ్లీ ఎక్కితే పగుళ్లు వస్తాయి. అందుకే తలుపు తీయకండి, పై గాలి రంధ్రాన్ని కూడా మూసేయండి. ఎంత వేడి దగ్గర, ఎన్నింటికి ఆగిందో రాసుకోండి.

కరెంటు వచ్చేసరికి 300 పైన ఉంటే రంధ్రం తెరిచి అక్కడి నుంచే కొనసాగించవచ్చు. కాల్పులో చివరి వేడి అయిన 730 దగ్గర ఒక గంట ఎక్కువ ఉంచండి. అంతకంతకూ దిగి 300 కిందికి పోయిందా, ఆ ఫ్లాస్కులో వెండి పోయకండి. మైనం పని పోయిందని బాధగా ఉంటుంది, నిజమే. కానీ పగిలిన అచ్చులో నుంచి కరిగిన లోహం బయటికి చిమ్మితే కాళ్లు కాలుతాయి. మైనం కరిగే దశలోనే, 150 దగ్గర ఆగితే మాత్రం భయం లేదు. నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి.

730 దగ్గర కాల్పు పూర్తయి, ఫ్లాస్కు దిగుతున్నప్పుడు పోతే ఇంకా నయం. వెండికి 550 దగ్గరికి రాగానే గ్యాస్ టార్చితో మూసలో కరిగించి, కరెంటు అక్కర్లేకుండా స్ప్రింగ్ బలంతో గిర్రున తిరిగే సెంట్రిఫ్యూగల్ మెషిన్‌తో పోసేయొచ్చు. కరెంటుతో నడిచే వాక్యూమ్ మెషిన్ వాడేవాళ్లకు ఈ వీలు లేదు.

600 దాటి ఎక్కడం లేదు

సాయంత్రం పూటే ఇలా అవుతుంటే ముందు వోల్టేజ్ చూడండి. 230 వోల్టుల దగ్గర 3,000 వాట్లు లాగే కాయిల్ (ఫర్నేస్‌ను వేడెక్కించే తీగచుట్ట), 180 దగ్గర సుమారు 1,840 వాట్లే ఇస్తుంది. ఫర్నేస్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే వోల్టేజ్ బాగా పడిపోతుంటే షాపు వైరింగ్ సన్నగా ఉందేమో చూపించండి. నేను మాత్రం కాల్పును రాత్రికి మార్చుకున్నాను. తొమ్మిదికి వేస్తే తెల్లారేసరికి పోతకు సిద్ధం.

వోల్టేజ్ బాగానే ఉంటే ఎంసీబీ (మెయిన్ కరెంటు స్విచ్) దించి, వైర్లు విప్పి, మల్టీమీటర్‌తో కాయిల్ కొలవండి. 3 కిలోవాట్ల ఫర్నేస్‌కు 17, 18 ఓమ్‌లు రావాలి. రెండు కాయిల్స్‌ను ప్యారలల్‌గా, అంటే దేనికది కరెంటు అందేలా కలిపిన ఫర్నేస్ అయితే ఒకటి తెగినా రెండోది ఎర్రగానే కనిపిస్తుంది, మనం మోసపోతాం. కాయిల్ చుట్టే కాంతల్ అనే లోహపు తీగ కాలాక పెళుసుగా ఉంటుంది, చల్లగా వంచితే పుటుక్కున విరుగుతుంది. మెలిపెట్టి అతికించింది రెండు కాల్పులు కూడా ఆగదు, కొత్తది వేయండి.

మీటర్ పిచ్చిగా చూపిస్తోంది

వేడెక్కుతుంటే అంకె తగ్గుతోందంటే, లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ వైర్లు తారుమారయ్యాయి. అంకె ఎగిరెగిరి పడుతుంటే టెర్మినల్ వదులైంది. కొత్త థర్మోకపుల్ వేసినప్పుడు వేడిని అదుపు చేసే కంట్రోలర్‌లో కే టైప్ (థర్మోకపుల్ రకం) అనే ఉందో లేదో చూడండి. అనుమానం వస్తే చల్లారాక బయటికి తీసి మరుగుతున్న నీళ్లలో కొన ముంచండి. 98, 99 చూపాలి.

730 దగ్గర ఆగకుండా పైకి పోతోంది

ఇది అన్నిటికన్నా ప్రమాదం. కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్ పాడైతే, అంటే కాంటాక్టర్ అతుక్కుపోయినా, సాలిడ్ స్టేట్ రిలే షార్టయినా, కంట్రోలర్ ఆపమన్నా కాయిల్ ఆగదు. వెంటనే ఎంసీబీ దించండి. 750 దాటితే జిప్సం విడిపోయి గంధకపు వాయువు (సల్ఫర్ డయాక్సైడ్) వస్తుంది. అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు వాసన అదే. షాపు తలుపులు, కిటికీలు తెరవండి. ఆ ఫ్లాస్కులో పోస్తే నగ నిండా సూది బెజ్జాలే వస్తాయి, పాలిష్‌తో పోవు. కాంటాక్టర్ మార్చేటప్పుడే 750 దగ్గర కరెంటు కోసేసేలా విడిగా ఇంకో కంట్రోలర్, దానికి వేరే కాంటాక్టర్ పెట్టించుకోండి.

ఫ్లాస్కు మూతి నల్లగా ఉంది

మైనం మసి పూర్తిగా కాలలేదు, గాలి చాలలేదు. ఫ్లాస్కుల మధ్య వేలు పట్టేంత సందు వదలండి, కింద సిరామిక్ ముక్కలు పెట్టి ఎత్తండి, పై రంధ్రం తెరిచి ఉంచండి. 730 దగ్గరే ఇంకో గంట ఉంచి, మూతి లోపల సుద్దలా తెల్లబడ్డాకే పోతకు తీయండి.